బంగాళాదుంప పెద్దాయన ఆపరేషన్

మా పుస్తకాల గుంపులో మొదటి తగాదా బంగాళాదుంప దగ్గర వచ్చింది. యూరప్‌లో ఏదో చలిదేశపు రచయిత రాసిన నవల అది, పెద్ద బహుమతి వచ్చింది, ఇంగ్లీషులోకి అనువాదమైంది. అట్ట మీద బంగారు రంగు బిళ్ళ కూడా ఉంది. మొదటి అరవై పేజీల్లో డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దాయన ఒకడు వంటింట్లో కుర్చీలో కూర్చుని ఒక బంగాళాదుంప తొక్క తీశాడు. మధ్యలో ఒకసారి కిటికీలోంచి మంచు చూశాడు. నేను న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో ఒక వృద్ధుల హోమ్‌లో నర్సుని. నేనొక షిఫ్టులో ఇరవై మందికి మందులిచ్చి, ముగ్గురికి కట్లు మార్చి, ఇంకో ఇద్దరి పిల్లల చేత ఫోన్లో మాటలు పడి ఇంటికొస్తాను. ఈయన ఒక దుంప ఒలవడానికి అరవై పేజీలు తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అండ్లనే ఉన్నదక్కా డెప్త్," అన్నాడు తమ్ముడు.

"ఎందులో? దుంపలోనా?" అన్నాను.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చి, రిక్కార్టన్‌లో ఐదుగురితో ఒక ఫ్లాట్‌లో ఉండి, డైరీ అని పిలిచే వీధి కొట్టులో పాలూ సిగరెట్లూ అమ్మి, ఇప్పుడు బిల్డింగ్ సైట్లలో ఇంజనీరుగా సెటిలైన కుర్రాడు. గుంపులో ఇంకొకరు అక్క, ఆవిడా పిలుపు వరసకే. ఆస్పత్రిలో గుండె ఆపరేషన్ల వార్డులో సీనియర్ నర్సు, నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది, కోపంలో మాత్రం ఇద్దరం సమానం. నాలుగో మనిషి ఆంటీ. ఆవిడ ఇంగ్లీషు చదవలేదు. అయినా గుంపులో ఉంది, ఎందుకంటే కూర్చునేది వాళ్ళింట్లో.

అసలు ఈ గుంపు పెట్టింది నేనే, పెట్టడానికి కారణం అవమానం. మా హోమ్‌లో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఉండేది, కివీ, అంటే ఈ దేశపు మనిషే. మందుబిళ్ళ తీసుకెళ్తే పేజీ పూర్తయ్యేదాకా నన్ను నిలబెట్టేది. ఒకరోజు "నువ్వేం చదువుతున్నావు?" అని అడిగింది. ఈ దేశం వచ్చిన పదకొండేళ్ళుగా నేను మందుల చార్టులూ, సూపర్‌మార్కెట్ వాళ్ళు పంపే కాగితాలూ తప్ప ఏమీ చదవలేదని అప్పుడే గుర్తుకొచ్చింది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "మాకో బుక్ గ్రూపు ఉంది," అన్నాను. అబద్ధం. ఆవిడ సంతోషపడి, యూరప్ వాళ్ళ అనువాదాలు చదవండి, బుర్రకి మంచిది అని చెప్పింది. ఆ వారమే వెళ్ళి లైబ్రరీలో అడిగాను. గుంపుల కోసం ఒకే పుస్తకం పది కాపీలు సంచిలో వేసి ఇస్తారు. ఆ రోజు మిగిలిన సంచి అదొక్కటే. అదెందుకు మిగిలిందో దుంప దగ్గర అర్థమైంది.

శనివారం మధ్యాహ్నాలు కూర్చునేవాళ్ళం. శుక్రవారం ప్రార్థన కూటానికి వేసిన కుర్చీలు ఆంటీ వాళ్ళ లౌంజ్‌లో అలాగే ఉండేవి. కుర్చీలు అలా ఉండేసరికి మాకు వేరే పద్ధతి తోచలేదు. అక్క కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ నవల అర్థమయ్యే కృప మాకు దయచేయండి," అని మొదలుపెట్టేది. తమ్ముడు హిందువు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఒక కన్ను మూసి రెండో కన్ను సమోసాల పళ్ళెం మీద పెట్టేవాడు. ప్రార్థన అయ్యాక వంతులవారీగా ఒక్కొక్కరం లేచి నిలబడి ఆ వారం చదివిన పేజీలు మన జీవితంలో ఏం చేశాయో సాక్ష్యం చెప్పాలి. "ముప్పై పేజీలు చదివాను. నా జీవితంలో ఏమీ జరగలేదు, ఆయన జీవితంలో కూడా జరగలేదు," అని నా మొదటి సాక్ష్యం. ఆంటీ ఆమెన్ అంది.

ఆంటీ సంగతి కూడా చెప్పాలి. బాపట్ల దగ్గరి ఊరు. డెబ్బై ఒక్క ఏళ్ళు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడతారు, ఆవిడ తెలుగులో జవాబు చెబుతుంది, వాళ్ళకీ ఆవిడకీ ఏ ఇబ్బందీ లేదు. బయట మాత్రం ఏ ప్యాకెట్ కొన్నా ఫోన్‌తో ఫొటో తీసి, ఫోన్ దాన్ని తెలుగులోకి మార్చాక చదివి గానీ బుట్టలో వేయదు. ఒకసారి సూపర్‌మార్కెట్‌లో బిస్కెట్ల దగ్గర ఆవిడతో నలభై నిమిషాలు నిలబడ్డాను. ఆవిడకి ఎవరి మాట మీదా నమ్మకం లేదు, ప్యాకెట్ మీద ఏం రాసుందో తనే చూసుకోవాలి.

"మా ఇంట్లో కూర్చుని, నా టీ తాగి, మీలో మీరు ఇంగ్లీషులో కొట్టుకుంటే నాకేంటంట? కథ చెప్పండి," అంది మొదటి శనివారమే. అప్పట్నించీ ఆ వారం పేజీలు తెలుగులో చెప్పడం నా పని అయింది. మా ముగ్గురి దగ్గరున్న కాపీలు పోగా మిగిలిన ఏడూ సంచితో సహా ఆవిడ టీపాయ్ కిందే ఉండేవి.

దుంప అయ్యాక నవల కొంచెం కదిలింది. పెద్దాయన ఒకప్పుడు పడవల రేవులో టికెట్లు చింపేవాడట. పెళ్ళి లేదు. గుండెలో ఒక కవాటం ఇరుకైపోయింది. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు ఆపరేషన్ చేయించుకోమంటాడు, ఈయన ఆలోచిస్తాను అంటాడు. ఆ ఆలోచనే నవల. చనిపోయిన చెల్లెలితో ఆ విషయమే మాట్లాడతాడు. పుస్తకం వెనకట్ట మీద దీన్ని ఎవరో "మౌనపు మహాసంగీతం" అన్నారు. అక్క మాత్రం, "క్లియర్‌గా వాల్వ్ కేసు," అంది.

నర్సులకి ఒక జబ్బు ఉంది. షిఫ్టు మారేటప్పుడు పేషెంటు వివరాలన్నీ వచ్చేవాళ్ళకి అప్పగించాలి. వయసు, జబ్బు, తిన్నాడా, పడుకున్నాడా, ఎవరైనా చూడ్డానికొచ్చారా. ఏళ్ళ తరబడి రోజుకి రెండుసార్లు ఆ పని చేస్తే ఎవరి గురించైనా అలాగే మాట్లాడతాం. మూడో వారానికి మా సాహిత్య చర్చ పూర్తిగా అప్పగింత అయిపోయింది.

"మోషన్ అయిందా?" అంది అక్క.

"రచయిత రాయలేదక్కా," అన్నాను.

"నూట ఎనభై పేజీలైంది. ఒక్కసారి కూడా బాత్రూంకి వెళ్ళలేదా?"

"లేదు."

"అవదు మరి. దుంపలు తప్ప ఏం తిన్నాడు గనక? ఆ రచయితకి కాస్త కూడా బాధ్యత లేదు."

తమ్ముడు మంచు దేనికి ప్రతీక అని మాట్లాడబోయాడు. అక్క ఆయన కాళ్ళు వాచాయా లేదా అని ఆరా తీసింది. ఆంటీ టీ కప్పులు సర్దుతూ, "మెట్లెక్కితే ఆయాసవేనా? పడుకున్నప్పుడు కూడా ఉంటదా?" అని అడిగింది. ఇద్దరం తలెత్తి ఆవిడ వైపు చూశాం.

ఆ సాయంత్రం వాళ్ళబ్బాయి మమ్మల్ని కారు దాకా సాగనంపుతూ చెప్పాడు. అమ్మకీ అదే జబ్బు. అదే కవాటం. ఆపరేషన్‌కి ఆస్పత్రి వాళ్ళు ఒకసారి తేదీ ఇస్తే వద్దంది. రెండోసారి ఉత్తరం వచ్చింది, వచ్చే నెలాఖరులోగా ఫోన్ చేసి సరే అనాలి. ఆవిడ ఆ ఉత్తరాన్ని టీపొడి డబ్బా కింద పెట్టి మాట మారుస్తోంది. ఇది కూడా కాదంటే వచ్చే చలికాలం మీ అమ్మ ఉంటుందని మేం మాటివ్వలేం అని డాక్టరు అతనితో అన్నాడట. అతను అది చెప్పి, హెడ్‌లైట్ మీద లేని దుమ్ము వేలితో తుడుస్తూ నిలబడ్డాడు.

మరుసటి శనివారం నేను నేరుగా అడిగేశాను. నాకు చుట్టూ తిరిగి మాట్లాడటం రాదు.

"ఆంటీ, ఆపరేషన్‌కి ఎందుకు ఒప్పుకోవట్లేదు?"

"ఆయన ఒప్పుకున్నాడా?" అంది.

"ఎవరు?"

"మీ దుంపల పెద్దాయన. ఆయన ఏం చేస్తాడో చూసి చెప్తాలే."

"ఆయన పుస్తకంలో మనిషి!"

"పుస్తకంలో ఉంటే గుండెనొప్పి రాదా? నువ్వు పేజీలు తిప్పు, నాకు తొందరగా తెలుస్తది."

అక్కణ్ణుంచి మాకు నవల చదవడం డ్యూటీ అయింది. అక్క ఆ వారం షిఫ్టు వల్ల రాలేకపోయింది, అందుకని ఫోన్లో ఉన్న మా గ్రూపులో నేను తెలుగులో అప్పగింత రాసి పెట్టాను, ఆంటీ కూడా చదువుకుంటుందని. "పురుషుడు, 78. ఒంటరి. గుండె కవాటం ఇరుకు. ఆపరేషన్‌కి ఇంకా ఒప్పుకోలేదు. బంగాళాదుంప తప్ప ఏమీ తినడం లేదు. చనిపోయిన చెల్లెలితో మాట్లాడుతున్నాడు. ఈ వారం మూడుసార్లు నిట్టూర్చాడు." ఆంటీ దాన్ని చదివి, బాధపడి, ఉత్తర దీవిలో టౌరంగా అనే ఊళ్ళో ఉన్న తెలుగు క్రైస్తవుల ప్రార్థన గ్రూపుకి పంపించేసింది. కింద నా ఫోన్ నంబరు కూడా ఇచ్చింది, వివరాలకి.

సోమవారం మధ్యాహ్నం, నేను మందుల బండి తోసుకుంటూ కారిడార్‌లో ఉండగా ఫోన్ మోగింది. టౌరంగా గ్రూపు నడిపే అన్నయ్య. కివీపళ్ళ ప్యాకింగ్ షెడ్డులో సూపర్‌వైజరు, నేను ఎప్పుడూ చూడలేదు.

"వందనాలు సిస్టర్. పెద్దాయన ఎలా ఉన్నారు?"

"ఏ పెద్దాయనండీ?"

"అదే, దుంపలు తింటున్న ఆయన. ఆపరేషన్ వద్దంటున్నారంట కదా."

నాలుగో నంబరు గదిలో బెల్లు మోగుతోంది. "అలాగే ఉన్నారండీ," అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో.

"మనవాళ్ళేనా?"

"కాదండీ. యూరప్."

"అయితే తెలుగు రాదన్నమాట. పర్లేదు, ఇంగ్లీషులో ప్రార్థన చేస్తాం."

"ఇంగ్లీషు కూడా రాదండీ. అనువాదంలో ఉన్నారు."

"అయ్యో పాపం," అన్నారాయన. ఆ గొంతులో ఎంత జాలి ఉందంటే, నేను నిజం చెప్పడానికి నోరు తెరిచి మూసేశాను. బెల్లు ఇంకా మోగుతూనే ఉంది.

ఆ వారం పన్నెండు కుటుంబాలు శుక్రవారం ఉపవాసం ఉన్నాయి. దుంపలు మాత్రమే తింటున్నాడని విని ఎవరికో మనసు ఆగక, ఆయన కోసం ఒక పెట్టెడు కివీపళ్ళు నా చిరునామాకి పంపారు. పైన "అంకుల్‌కి, త్వరగా కోలుకోవాలి" అని రాసిన చీటీ. ఆ పళ్ళు మేమే తిన్నాం. ప్రతి పండూ కోసేటప్పుడు నాకు సిగ్గేసింది, కానీ మంచి పళ్ళు.

మూడు వందల నలభయ్యో పేజీలో పెద్దాయన ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. ఆంటీ మొహం వెలిగిపోయింది. చప్పట్లు కొట్టింది. తమ్ముడు ఈల వేశాడు. "మరి మీరు?" అంది అక్క. "లేవనీ ముందు," అంది ఆంటీ.

మిగిలిన పేజీలు నేను బుధవారం టీ బ్రేక్‌లో చదివాను. మూడు వందల డెబ్బై ఒకటో పేజీ. ఆపరేషన్ అయిన మూడో రోజు, కిటికీ పక్క మంచం మీద, ఎవరూ లేని గదిలో, మంచు చూస్తూ పెద్దాయన పోయాడు. ఒక్క వాక్యం. దుంపకి అరవై పేజీలు ఇచ్చినవాడు చావుకి ఒక్క వాక్యం ఇచ్చాడు. నేను ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. గుండె కోసిన మనిషిని మూడో రోజు ఒక్కణ్ణే గదిలో వదిలేసి వెళ్ళే వార్డు ఎక్కడుంటుంది? మానిటర్ ఏది? చేతికందేలా బెల్లు ఎవరు పెట్టాలి? ఆ రచయిత నా కింద పనిచేసేవాడైతే ఆ రోజే మేనేజరు దగ్గర నిలబెట్టేదాన్ని.

నెలాఖరుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. శనివారం ఆంటీ అడుగుతుంది, లేచాడా అని.

శుక్రవారం మధ్యాహ్నం రిక్కార్టన్‌లో ఇండియన్ షాపు ముందు, అక్క కారులో ముగ్గురం కూర్చున్నాం. నేను చివరి పేజీ చదివి వినిపించాను.

"చచ్చిపోయిండా?" అన్నాడు తమ్ముడు. నిజంగా దెబ్బ తగిలినట్టుంది అతనికి.

"చచ్చిపోలేదు," అంది అక్క స్టీరింగ్ పట్టుకుని.

"రాసుంది కదక్కా."

"నా వార్డులో అయితే చచ్చిపోడు. నా వార్డుకి తెచ్చేద్దాం."

"అట్లెట్ల మారుస్తం? ఆయనకు ప్రైజ్ ఇచ్చిండ్రు గద!"

"ప్రైజ్ ఇచ్చినవాళ్ళలో ఒక్క నర్సుందా? కనుక్కో."

తమ్ముడు కాసేపు కిటికీలోంచి షాపు ముందు ఉల్లిపాయల బస్తాలు చూశాడు. "సరే," అన్నాడు. "కానీ ఆయనింటికి పదకొండు మెట్లున్నయి. నలభై నాలుగో పేజీల ఉంది. డిశ్చార్జ్ అయినంక ఎట్ల ఎక్కుతడు?" అతను కూడా ఒప్పుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

ఆ శనివారం నుంచి మూడు వారాలు... కాదు, పదిహేను రోజులే, కానీ మూడు శనివారాలు, మేము ఆ మనిషిని సాకాం. నేను చెప్పేదాన్ని, అక్క సరిదిద్దేది. ఆపరేషన్ అయిన రోజు సాయంత్రానికి గొంతులో గొట్టం తీసేశారు. మర్నాడు కుర్చీలో కూర్చోబెట్టారు. నేను పొరపాటున ఆ రోజే వరండా చివరిదాకా నడిపించేశాను. "ఎవరు నడవనిచ్చారు? అంత దూరం లేదు, మంచం నుంచి కుర్చీ దాకానే," అని అక్క అందరి ముందూ మండిపడింది. పెద్దాయనని వెనక్కి తెచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది. దగ్గొస్తే దిండుని రొమ్ముకి అదిమి పట్టుకుని దగ్గమని అక్క ఆంటీ ఇంటి దిండుతో చేసి చూపించింది. నాలుగో రోజు రాగిజావ తాగించాను.

"అక్కడ రాగులెక్కడివి?" అన్నాడు తమ్ముడు.

"ఇండియన్ షాపు లేని ఊరు ఎక్కడైనా ఉందా?" అన్నాను.

తమ్ముడు ఊరుకోలేదు. రెండో శనివారానికి కొలతలతో సహా డ్రాయింగ్ గీసుకొచ్చాడు. పదకొండు మెట్లకీ రెండు వైపులా కమ్మీ, ఐదో మెట్టు దగ్గర కూర్చోడానికి చిన్న బల్ల. మంచు పడితే జారకుండా మెట్లకి గరుకు పట్టీలు. "యూరప్‌ల రూల్స్ ఎట్లుంటయో గని, ఇక్కడైతే పాసైతది," అని ఆంటీకి గర్వంగా చూపించాడు. సాహిత్యం గురించి అతను మాట్లాడటం మానేసి అప్పటికి రెండు వారాలైంది.

ఆంటీ అంతా వినేది. రెండో శనివారం మాత్రం ఒక ప్రశ్న వేసింది. "మూడో రోజు ఆయన పక్కన ఎవరున్నారు?"

"నర్సు ఉంది ఆంటీ," అన్నాను.

"ఏ నర్సు?"

నేను అక్క వైపు చూశాను. అక్క తడుముకోకుండా, "మన బాపట్ల పిల్లే. పదేళ్ళ నుంచీ అక్కడే చేస్తోంది," అంది. తమ్ముడికి టీ పొలమారింది.

"రాత్రి కూడా ఉందా?"

"డబుల్ షిఫ్టు చేసింది," అన్నాను.

"పాపం, పిల్ల," అంది ఆంటీ. మూడో శనివారం కూడా అదే అడిగింది. ఆ పిల్ల తిన్నదా, ఎవరైనా మార్చారా అని కూడా అడిగింది. మేమిద్దరం పోటీపడి చెప్పాం. చివరికి పెద్దాయన ఇంటికెళ్ళి, కమ్మీ పట్టుకుని పదకొండు మెట్లూ ఎక్కి, వంటింట్లో కుర్చీలో కూర్చున్నాడు. ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్ళింది. టీపొడి డబ్బా జరిపిన చప్పుడు వినిపించింది. ఉత్తరం తెచ్చి అక్క చేతిలో పెట్టి, "సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి సరే అని చెప్పమని మావాడికి చెప్పండి," అంది. నెలాఖరుకి ఇంకా రెండు రోజులుంది.

నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇంకా టౌరంగా మిగిలే ఉంది.

ఆంటీ సంతోషం పట్టలేక "పెద్దాయన మెట్లెక్కాడు" అని ఆ గ్రూపులో పెట్టేసిందట. అన్నయ్య ఫోన్ చేశారు. స్తుతి కూటం పెడుతున్నారు, ఎనభై మందికి బిర్యానీ, పెద్దాయన వీడియోలో వచ్చి రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి, ఆయన భాషలో చెప్పినా ఫరవాలేదు. నేను ఫోన్ అక్క చేతికిచ్చేశాను. అక్క ఆపరేషన్ గది బయట బంధువులకి చెప్పే గొంతుతో మొత్తం చెప్పింది. నవల, బహుమతి, మూడు వందల డెబ్బై ఒకటో పేజీ.



"పన్నెండు కుటుంబాలు ఉపవాసం ఉన్నాం సిస్టర్," అన్నారాయన. "షుగరున్నవాళ్ళు కూడా."

"తప్పే అన్నయ్యా."

ఆయన గొంతు మారింది, షెడ్డులో పని పురమాయించే గొంతు. "సరే, చేసిన ప్రార్థన ఎటూ పోదు. ఇంకెవరికైనా అదే జబ్బు ఉంటే చెప్పండి, అటు మళ్ళిస్తాం."

అక్క ఆంటీ ఆపరేషన్ తేదీ చెప్పింది. ఆయన రాసుకున్నారు, ఒకటికి రెండుసార్లు అడిగి. "ఈవిడ నిజంగా ఉన్నారు కదా సిస్టర్?" అన్నారు పెట్టేసే ముందు.

ఆపరేషన్ నాలుగున్నర గంటలు పట్టింది. బాగా జరిగింది. ఆంటీ అక్క వార్డుకే వచ్చింది. మొదటి రోజు గొట్టం తీశారు. రెండో రోజు కుర్చీలో కూర్చుంది. అన్నీ మేం చెప్పిన వరసలోనే జరుగుతున్నాయి, అదే నాకు భయం. మూడో రోజు నేను లీవు పెట్టాను. ఇరవై ఏళ్ళుగా నర్సు పని చేస్తూ, ఒక నవల చూసి లీవు పెట్టానంటే మా మేనేజరు ఏమనుకునేదో! కడుపునొప్పి అని చెప్పాను. పొద్దున్నే వెళ్ళేసరికి తమ్ముడు సైటు బూట్లతోనే వరండాలో కూర్చుని ఉన్నాడు. "ఏం లేదక్కా, ఇట్ల పోతుంటే వచ్చిన," అన్నాడు. ఆ సైటు ఊరికి ఆ చివర ఉంది.

ఆంటీ మంచం కిటికీ పక్కనే వేశారు. బయట మంచు లేదు, మామూలు ముసురు. బెల్లు చేతికందేలా ఉందా లేదా చూశాను. మానిటర్ చూశాను. మళ్ళీ బెల్లు చూశాను.

"కూర్చో," అంది ఆంటీ. గొంతు బొంగురుగా ఉంది. "ఎన్నిసార్లు చూస్తావు? ఆయన పోయినట్టు నేను పోనులే."

తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆ సంచి మా టీపాయ్ కిందే పెట్టారు కదమ్మా. మొదటివారం మీరు వెళ్ళగానే చివరి పేజీలు ఫొటో తీసి చూసుకున్నా. ఫోన్ తెలుగు చెత్తగా ఉందిగానీ, పోయాడని అర్థవైంది."

"మరి..." అన్నాను. "తెలిసి ఎందుకు ఒప్పుకున్నారు ఆంటీ?"

ఆవిడ దిండు రొమ్ముకి అదిమి పట్టుకుని, అక్క చూపించినట్టే, మెల్లగా దగ్గింది. తర్వాత ఊపిరి తీసుకుని చెప్పింది.

"ఆ రాసినాయన పెద్దాయన్ని ఒక్కణ్ణే వదిలేశాడు. పేజీ అంతా వెతికా, పక్కన ఒక్క మనిషి లేడు. మీరేమో, చచ్చిపోయినోణ్ణి పట్టుకుని దిండిచ్చారు, జావ పోశారు. వీడు మెట్లకి కమ్మీ కూడా వేశాడు. బాపట్ల నుంచి పిల్లని రప్పించారు. లేనోడికే అంత చేసినోళ్ళు, కళ్ళ ముందు బతికున్నదాన్ని, నన్నొదిలేస్తారా అనుకున్నా."

తమ్ముడు వరండాలోకి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది. వేలికి మానిటర్ క్లిప్పు ఉంది.

ఆంటీ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి కళ్ళు తెరవకుండానే, "ఇవాళ మూడో రోజు కదా," అంది.

"అవును ఆంటీ."

"మరి రేపు ఆయన ఏం తాగాడన్నావు? మళ్ళీ చెప్పు."

"రాగిజావ," అన్నాను. కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, నాలుగో రోజు పొద్దున్నించి మొదలుపెట్టాను.